ప్రమోషన్ కోరుకోవడం దేవునికి అవిధేయతా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఒక సంస్థలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా విభాగం హెడ్ త్వరలో రిటైర్ అవుతున్నారు. ఆ పోస్టుకు అప్లై చేయాలని మనసు గట్టిగా లాగుతోంది. చిన్నప్పటి నుంచీ నాకు పైకి రావాలన్న పట్టుదల ఎక్కువ. నాకంటే వెనక చేరిన ఒకామె నన్ను దాటి పై పోస్టుకు వెళ్లినప్పటి నుంచి అది ఇంకా పెరిగింది. మా సంఘంలో ఒక పెద్దాయనతో చెబితే, "ఆశయాలన్నీ లోకానివమ్మా, విశ్వాసికి ఉన్నదానితో తృప్తి ఉండాలి" అన్నారు. అప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. గత ఏడాది మా టీమ్ చేసిన ఒక పెద్ద పని వల్ల నాకు మంచి పేరు వచ్చింది. అందులో ఎక్కువ భాగం మా జూనియర్ అబ్బాయి చేశాడు గానీ రిపోర్టు మీద నా పేరొక్కటే వెళ్లింది, నేనూ సరిదిద్దలేదు. అది వేరే విషయం అనుకోండి. ఇప్పుడు పైవాళ్లు ఆ రిపోర్టు చూసే నన్ను అప్లై చేయమంటున్నారు. దేవుని చిత్తం తెలుసుకోవాలని ఉపవాసముండి ప్రార్థిస్తున్నాను. ఏ జవాబూ రాలేదు. అప్లై చేయడం పాపమా? గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది.
– ఒక సహోదరి

సమాధానం:

సహోదరీ,

అప్లై చేయడం పాపం కాదు. నిద్ర పట్టక ఉన్నారు కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. అయితే మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయిన చోటు ఇది కాదు, ఇంకొకటి ఉంది. దాని దగ్గరికి కాస్త ఆగి వస్తాను.

మీ సంఘపెద్ద మీ మేలు కోరే ఆ మాట అన్నారని నమ్ముతున్నాను. తృప్తి గురించి ఆయన చెప్పింది వాక్యంలో ఉన్నదే. ఏ స్థితిలో ఉన్నా ఆ స్థితిలో సంతృప్తిగా ఉండటం నేర్చుకున్నానని అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాశాడు, అదీ ఖైదులో ఉండి. కానీ అదే పౌలు రోమీయులకు రాసిన పత్రిక 15వ అధ్యాయం తీసి చూడండి. క్రీస్తు పేరు ఇంకా వినని చోట్లకే వెళ్లి సువార్త చెప్పాలన్నది తన పట్టుదల అంటాడు. రోమా మీదుగా స్పెయిన్ దాకా వెళ్లాలని ముందే ప్లాన్ వేసుకుంటాడు. ఖైదులో తృప్తిగా ఉన్నవాడూ, స్పెయిన్ కోసం తపించినవాడూ ఒక్కడే. ఆయనలో ఈ రెండూ కొట్టుకోలేదు. తిమోతికి రాసేటప్పుడు కూడా, సంఘంలో అధ్యక్ష పదవిని ఆశించేవాడు మంచి పనినే ఆశిస్తున్నాడని చెప్పి, ఆ వెంటనే అతనిలో ఏయే గుణాలు ఉండాలో రాశాడు.

జెబెదయి కుమారుల సంగతి మీకు తెలుసు. యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఇద్దరైన యాకోబు, యోహాను ఆయన దగ్గరికి వచ్చి, నీ మహిమలో మాకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఇమ్మని అడిగారు. తక్కిన పదిమందికి కోపం వచ్చింది. వాళ్లకూ ఆ కుర్చీల మీదే కన్ను ఉండి ఉంటుందని నా అభిప్రాయం. యేసు ఏమన్నాడో చూడండి. గొప్పవాళ్లు కావాలని ఎందుకు అనుకుంటారని ఆయన అనలేదు. మీలో గొప్పవాడు కాగోరినవాడు మీకు పరిచారకుడు కావాలన్నాడు. వాళ్ల కోరికను ఆర్పేయకుండా, అది నడవాల్సిన దారి చూపించాడు. ఆ దారి సిలువ మీదుగా పోతుందని కూడా అప్పుడే చెప్పాడు.

కాబట్టి ఆశయాలన్నీ లోకానివేనన్న మాటను నేను ఒప్పుకోలేను. ఆ మాట వల్ల ఎంతోమంది మంచి విశ్వాసులు దేవుడిచ్చిన సామర్థ్యాన్ని గుడ్డలో మూటగట్టి దాచిపెట్టారు. అదే వినయం అనుకున్నారు. యేసు చెప్పిన ఉపమానంలో, యజమాని అప్పగించిన తలాంతును, అంటే డబ్బును, భూమిలో దాచినవాడికి ఆ యజమాని దగ్గర మెప్పు దొరకలేదు.

అయినా ఆ పెద్దాయన భయం ఉత్తదేమీ కాదు. యిర్మీయా గ్రంథం 45వ అధ్యాయంలో ఐదే వచనాలు ఉంటాయి. అవి బారూకు కోసం వచ్చినవి. బారూకు యిర్మీయా చెబుతుంటే రాసిన లేఖికుడు. మంచి కుటుంబంవాడు. అతని సోదరుడు శెరాయా తరువాత సిద్కియా రాజు దగ్గర అధికారిగా ఉన్నాడు. అతని చదువుకు, అతని ఇంటి పేరుకు రాజసభలో ఏదో ఒక స్థానం దొరికేదే. దానికి బదులు జనం అసహ్యించుకునే ఒక ప్రవక్త పక్కన కూర్చుని, రాజుకు ఇష్టంలేని మాటలు రాస్తున్నాడు. అలసిపోయాడు, మూలిగాడు. అప్పుడు దేవుడు యిర్మీయా ద్వారా అతనితో అన్నది ఇదీ: "నీనిమిత్తము నీవు గొప్పవాటిని వెదకుచున్నావా? వెదకవద్దు." దేశమే కూలిపోతున్న వేళ నీ ఒక్కడి ఎదుగుదల గురించి చూసుకుంటున్నావా అని ఆ అధ్యాయం అడుగుతోంది. తరువాతి ఏడాది అతను రాసిన గ్రంథపు చుట్టను యెహోయాకీము రాజు కత్తితో ముక్కలుగా కోసి కుంపటిలో వేసి కాల్చేశాడు. బారూకు మళ్లీ కూర్చున్నాడు. మొదటి నుంచీ మొత్తం తిరిగి రాశాడు, ఇంకా ఎక్కువే రాశాడు.

అతను గొప్ప పని చేశాడు. తనకోసమని వెతకడం మాత్రం మానుకున్నాడు. మీ పట్టుదలను నేను తప్పు పట్టడం లేదు. అది ఎవరికోసమన్నదే అడుగుతున్నాను.

ఇప్పుడు నేను ఆగిపోయిన చోటికి వస్తాను. "అది వేరే విషయం అనుకోండి" అని రాశారు. అమ్మా, అది వేరే విషయం కాదు. మీరు అడిగిన విషయమంతా అందులోనే ఉంది.

మీరు దేవుని చిత్తం తెలియడం లేదంటున్నారు. ఆ పోస్టు మీకు వస్తుందో రాదో, రావాలో వద్దో దేవుడు ఇంకా చెప్పలేదు, నిజమే. కానీ ఆ అబ్బాయి పని గురించి ఆయన చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేశాడు. దొంగిలవద్దన్న ఆజ్ఞ ఉంది. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ ఉంది. దీనికి ఉపవాసం అక్కర్లేదు, దర్శనం అక్కర్లేదు, ఎవరి సలహా అక్కర్లేదు. తెలియని చిత్తం కోసం రాత్రంతా మోకాళ్ల మీద ఉండి, తెలిసిన చిత్తాన్ని పొద్దున్నే దాటి వెళ్లిపోవడం మన విశ్వాసుల్లో చాలా మామూలైపోయింది. నాకు దీని గురించి నిజంగా బాధగా ఉంటుంది.

ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు కథ ఇదే. మొదటి సమూయేలు 15వ అధ్యాయం. అమాలేకీయులనూ వాళ్ల పశువులనూ ఏమీ మిగల్చకుండా నాశనం చేయమని అతనికి వచ్చిన ఆజ్ఞలో ఏ అనుమానమూ లేదు. అతను చాలా వరకు చేశాడు, కొంత మిగుల్చుకున్నాడు. మిగుల్చుకున్నది కూడా మంచిదే, కొవ్వినదే, దేవునికి బలి ఇవ్వడానికే అన్నాడు. ఆ అధ్యాయంలో చాలామంది గమనించకుండా దాటేసే చిన్న వివరం ఉంది. ఆ ఆజ్ఞ తెచ్చిన సమూయేలు ప్రవక్త అతన్ని వెతుక్కుంటూ వస్తుంటే, సౌలు కర్మెలుకు వెళ్లి అక్కడ తనకోసం ఒక జయస్తంభం నిలబెట్టుకున్నాడని జనం చెబుతారు. ఆజ్ఞ సగంలో ఉంది, స్తంభం మాత్రం పూర్తయింది. సమూయేలును చూడగానే "యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను" అంటాడు సౌలు. అలాగైతే నా చెవిన పడుతున్న ఈ గొర్రెల అరుపులు ఎక్కడివని అడుగుతాడు సమూయేలు. చివరికి పాపం చేశానని ఒప్పుకున్నాక కూడా సౌలు అడిగిందేమిటి? పెద్దల ముందు, జనం ముందు నన్ను ఘనపరచు అని. పరువు నిలబడితే చాలు, లోపల ఏమైనా పర్వాలేదు.

"బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము" అన్న మాట అక్కడిదే. దాన్ని మనం ఎన్నో కూటాల్లో విన్నాం. మీ ఆఫీసు విషయంలో అది ఒక రిపోర్టు మొదటి పేజీ గురించి మాట్లాడుతోంది. ఆ పేజీ ఆధారంగా వచ్చే పదవిని మీరు ప్రభువుకు మహిమకరంగా నడపాలని అనుకుంటున్నారు కదా. మిగుల్చుకున్న గొర్రెలను బలి ఇస్తానని సౌలు అనలేదా?

మీ ఉపవాసం ఆపమని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. కొండమీది ప్రసంగంలో ప్రభువు ఈ మాటే చెప్పాడు. బలిపీఠం దగ్గర అర్పణ చేయబోతుండగా నీ సహోదరునికి నీ మీద ఏదైనా విరోధం ఉందని గుర్తుకొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు. ఆ తరువాత వచ్చి అర్పించమన్నాడు. వరుస ఆయనే పెట్టాడు. మీకు గుర్తుకొచ్చింది, ఉత్తరంలో కూడా రాశారు. ఇంక లేచి వెళ్లడమే మిగిలింది.

ఎలా వెళ్లాలో కూడా చెబుతాను. ముందు ఆ అబ్బాయి దగ్గరికే వెళ్లండి. క్యాబిన్‌కు పిలిపించకండి, మీరే అతని సీటు దగ్గరికి వెళ్లి ఒక పది నిమిషాలు మాట్లాడాలని అడగండి. "ఆ పనిలో ఎక్కువ భాగం నీదే. రిపోర్టులో నీ పేరు లేకపోవడం నాకు తెలుసు, తెలిసీ ఊరుకున్నాను. అది తప్పు, నన్ను క్షమించు. దీన్ని సరిచేయబోతున్నాను" అని చెప్పండి. టైమ్ లేక అలా జరిగిందనీ, పైవాళ్లే అలా పంపారనీ కారణాలు కలపకండి. అతను ఏమంటాడో వినండి. పర్లేదండీ మేడమ్ అంటాడేమో, ఆ మాటతో తేలిగ్గా బయటపడిపోకండి. తరువాత మీ పైఅధికారికి రాతపూర్వకంగా పంపండి. ఏ భాగం ఎవరు చేశారో స్పష్టంగా రాసి, రికార్డులో సరిచేయమని కోరండి. నోటితో చెబితే గాలిలో పోతుంది. పైగా ఆ అబ్బాయి ముందు ముందు ఎదగడానికి అతని పేరు కాగితం మీద ఉండాలి.

ఇది అప్లికేషన్ పెట్టకముందే జరగాలి. పోస్టు వచ్చాక చెప్పొచ్చులే అని మనసు అంటుంది. అప్పుడు చెప్పడంలో మీరు పోగొట్టుకునేది ఏమీ ఉండదు. ఇప్పుడు చెబితే బహుశా ఆ పోస్టే పోవచ్చు. పోతే పోనివ్వండి. దాన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడిన రోజున మీ ఆశయానికీ మీకూ మధ్య ఎవరు యజమానో మీకే తెలిసిపోతుంది.

మిమ్మల్ని దాటి వెళ్లిన ఆవిడ గురించి ఎక్కువ చెప్పను. పేతురు కూడా యోహానును చూసి "ప్రభువా, యితని సంగతి ఏమవుతుంది?" అని అడిగాడు. "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము" అన్నాడు యేసు. కటువైన మాటే, కానీ పేతురు మెడ మీద నుంచి పెద్ద బరువును దించిన మాట. ఆవిడ కోసం పేరు పెట్టి ప్రార్థించండి. ఆవిడ తన పనిలో బాగుండాలని ప్రార్థించండి. మొదట్లో నోరు రాదు. అయినా చేయండి.

ఇక అసలు పోస్టు విషయం. రిపోర్టు సంగతి సరిచేసిన తరువాత కూడా మీ మనసు అటే లాగితే, నిశ్చింతగా అప్లై చేయండి. ఆకాశం నుంచి గురుతు రావాలని చూడకండి. పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని విన్నది కిస్లేవు నెలలో. వాటిని కట్టడానికి పంపమని రాజును అడిగింది నీసాను నెలలో. దాదాపు నాలుగు నెలలు ఏడ్చాడు, ఉపవాసమున్నాడు, ప్రార్థించాడు. ఆ నాలుగు నెలల్లో ఊరికే కూర్చోలేదని అతని జవాబు చూస్తే తెలుస్తుంది. ఏం కావాలని రాజు అడగ్గానే మనసులోనే ప్రార్థించుకుని, ఎన్నాళ్లలో తిరిగి వస్తాడో చెప్పాడు, దారిలో అధిపతులకు లేఖలు అడిగాడు, అడవి కాపలాదారుడు ఆసాపు దగ్గర నుంచి మ్రానులు కూడా అడిగాడు. ప్రార్థన చేసినవాడే లెక్కలు కూడా వేసుకున్నాడు. మీ అప్లికేషన్ కూడా అలాగే, జాగ్రత్తగా, నిజాయితీగా, మీ శక్తికొద్దీ రాయండి. సగం మనసుతో రాసి, రాకపోతే అది దేవుని చిత్తం అనుకోవడం విధేయత అనిపించుకోదు.

రాకపోతే? పౌలు ఆసియలో వాక్యం చెప్పబోతే పరిశుద్ధాత్మ అడ్డగించాడు. బితూనియకు వెళ్లబోతే అక్కడా తలుపు మూసుకుంది. ఆయన త్రోయ దాకా నడిచి వెళ్లాకే మాసిదోనియ పిలుపు వచ్చింది. నడుస్తున్నాడు కాబట్టే ఎక్కడ ఆగాలో తెలిసింది. అదే ఆసియలో, ఎఫెసులో, తరువాత ఆయన రెండేళ్లకు పైగా బోధించాడు. కాబట్టి వద్దన్న ప్రతి మాటా శాశ్వతం కాదు. స్పెయిన్ సంగతి వేరు. ఆయన అక్కడికి చేరాడని బైబిల్ ఎక్కడా చెప్పదు.

దావీదుకు మాత్రం వచ్చింది శాశ్వతమైన 'వద్దు'. దేవునికి మందిరం కట్టాలని ఆయన మనసు. నాతాను ప్రవక్త కూడా ముందు సరే అన్నాడు. అదే రాత్రి దేవుడు మాట మార్పించాడు. నీవు కాదు, నీ కొడుకు కడతాడు అన్నాడు. చాలా యుద్ధాలు చేశావు, విస్తారంగా రక్తం ఒలికించావు అన్నది కారణం. ఇంత పవిత్రమైన కోరికను కూడా దేవుడు కాదంటాడని గమనించండి. అంతేకాదు, ఆ ఆలోచన నీకు రావడం మంచిదేనని దేవుడు దావీదుతో అన్నట్టు తరువాత సొలొమోను చెబుతాడు. ఆలోచన మంచిదే, అయినా నీకు కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. రాకపోతే నా కోరికే పాపమై ఉంటుందని మీరు మళ్లీ నిద్ర పోగొట్టుకోకూడదని ఇది చెబుతున్నాను.

ఆ తరువాత దావీదు ఏం చేశాడో నాకు చాలా ఇష్టం. అలిగి కూర్చోలేదు. తన పేరుతో నిలబడని మందిరం కోసం బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, దేవదారు మ్రానులు పోగుచేశాడు. మేకులకు ఇనుము కూడా సిద్ధం చేశాడని దినవృత్తాంతాలలో ఉంది. పని చేసేవాళ్లను కుదిర్చాడు, కొడుకుకు నమూనా అప్పజెప్పాడు. ఆ పోస్టు వేరే ఎవరికైనా వస్తే, ఆ వ్యక్తి కోసం మీరు మేకులు సిద్ధం చేయగలరా? నెలాఖరు వచ్చేలోపు ప్రభువు ముందు కూర్చుని ఈ ప్రశ్న వేసుకోండి. చేయలేననిపిస్తే ఆ సంగతి కూడా ఆయనతోనే చెప్పండి.

వస్తే ఏమిటన్నది కూడా ఆలోచించాలి, ఎందుకంటే ఎక్కువమంది జారిపడేది వచ్చాకే. హెన్రీ మార్టిన్ అనే యువకుడు 1801లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణితంలో అందరికంటే మొదటి స్థానం సాధించాడు. తన కోరికల్లో అన్నిటికంటే పెద్దది నెరవేరిందనీ, తీరా చూస్తే చేతికి చిక్కింది నీడేనని ఆశ్చర్యపోయాననీ తరువాత చెప్పుకున్నాడు. ఆ తెలివిని ఆయన పారేసుకోలేదు. 1806లో భారతదేశానికి వచ్చి కొత్త నిబంధనను ఉర్దూలోకి, పారసీకంలోకి అనువదించాడు. 1812లో, 31 ఏళ్ల వయసులో, తోకాత్ అనే ఊళ్లో కన్నుమూశాడు. పట్టుదల, మేధస్సు అవే. పనిచేసింది మాత్రం వేరే యజమాని కోసం. మీరూ ఆ కుర్చీలో కూర్చున్న మొదటి వారం ఒక వెలితి తగిలితే కంగారుపడకండి. కుర్చీ ఇవ్వలేనిదాన్ని కుర్చీని అడగకండి.

దానియేలు బబులోనుకు వెళ్లాక, రాజు భోజనం ముందుకు రాకముందే ఏది ముట్టకూడదో నిర్ణయించుకున్నాడు. మీరూ కొన్ని ముందే రాసిపెట్టుకోండి. ఎవరి పని మీద వాళ్ల పేరు ఉంటుంది. తప్పుడు లెక్క మీద సంతకం పెట్టను. నా కింద పనిచేసేవాళ్లకు ఎదిగే దారి మూయను. ఇంట్లోవాళ్లతోనూ సంఘంతోనూ గడిపే సమయంలో ఇంతమేర ఎవరికీ ఇవ్వను. ఈ చివరిదానికి గంటలతో సహా లెక్క రాయండి, లేకపోతే నిలబడదు.

ప్రార్థన గురించి ఒక్క మాట. "నీ చిత్తమైతే" అన్నది మనం ప్రార్థన చివర మర్యాదకు తగిలించే మాటగా మారిపోయింది. గెత్సేమనేలో ప్రభువు ముందు తనకు ఏం కావాలో దాచుకోకుండా చెప్పాడు. సాధ్యమైతే ఈ గిన్నె నా దగ్గర నుంచి తొలగిపోనిమ్మన్నాడు. ఆ తరువాతే "అయినను నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు. ఒకసారి అడిగి లేచిపోలేదు, మూడుసార్లు వెళ్లి ప్రార్థించాడు. మీరు కూడా, "ప్రభువా, నాకు ఈ పోస్టు కావాలి, చాలా కావాలి" అని పైకి అనండి. ఆయనకు తెలియని సంగతేమీ కాదు. దాచుకున్న కోరికను ఆయన చేతుల్లో పెట్టడం ఎవరికీ కుదరదు.

ఆ సంఘపెద్ద దగ్గరికి కూడా మళ్లీ వెళ్లండి. వాదించడానికి వద్దు. రిపోర్టు విషయం ఆయనకు కూడా చెప్పి, ఆ అబ్బాయితో మాట్లాడే రోజున మీ కోసం ప్రార్థన చేయమని అడగండి. ఆయన తృప్తి గురించి చెప్పినప్పుడు ఈ సంగతి ఆయనకు తెలియదు. తెలిస్తే మీకు వేరే సలహా ఇచ్చి ఉండేవారేమో. నెలాఖరుకు ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టకుండా, వీలైతే రేపు ఆఫీసుకు వెళ్లగానే ఆ అబ్బాయితో మాట్లాడండి.